పసిపిల్లల తిండి కొలత: శ్రీవిల్లిపుత్తూరు నల్లరేగడి సీమ

ఒక పిల్లవాడు ఒక రోజులో నిజంగా ఎంత తిన్నాడో గ్రాముల్లో, కిలోక్యాలరీల్లో తేల్చడం పోషకాహార శాస్త్రంలో ఒక ప్రత్యేక విద్య. పెద్దల విషయంలో ఓపిక ఉంటే చాలు. అన్నప్రాశన నాటి నుంచి బడి ఈడు దాకా ఉన్న పిల్లల దగ్గర ఓపిక ఒక్కటే సరిపోదు. వండింది వేరు, కంచంలో పెట్టింది వేరు, నోట్లోకి పోయింది వేరు, మింగింది ఇంకా వేరు. పెద్దవాడి భోజనంలో ఈ నాలుగూ దాదాపు ఒకటే అనుకోవచ్చు. రెండేళ్ళ పిల్లవాడి దగ్గర వీటి మధ్య ఉన్న ఎడమే అసలు విషయం. ఈ శాస్త్రంలోని పద్ధతులలో ఒక్కొక్కటి ఈ నాలుగింటిలో ఒక్కోదాన్ని కొలుస్తుంది. ఏది కొలిచామో మరిచిపోయి అంకెను మాత్రం గుర్తుపెట్టుకోవడం వల్ల వచ్చిన పొరపాట్లు ఇందులో తక్కువేమీ కావు.

సీమ, దాని తిండి

తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల పాదాన ఉంది శ్రీవిల్లిపుత్తూరు. ఆండాళ్ పుట్టిన ఊరు. శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’కు రంగస్థలం కూడా ఇదే. ఇక్కడి నుంచి తూర్పుగా సాత్తూరు, కోవిల్‌పట్టి వైపు వెళ్తే నల్లరేగడి మొదలవుతుంది. దాన్ని తమిళంలో ‘కరిసల్’ అంటారు. వానను నమ్ముకున్న భూమి. సజ్జ, జొన్న, పత్తి, మిరప పండుతాయి. రాజపాళయం రాజులు, కమ్మవారు, రెడ్లు, రాజకంబళంవారు, అరుంధతీయులు తరతరాలుగా ఈ సీమలో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ బతుకుతున్నారు. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్ ఈ కరిసల్ మాటలకు ఒక నిఘంటువే కూర్చాడు.

రెండు భాషల ఈ బతుకు ఆహార సర్వే చేసేవారికి తొలి మెట్టులోనే చిక్కు తెస్తుంది. సజ్జను కంబు అంటారు, జొన్నను చోళం, ఊదలను కుదిరైవాలి, అరికలను వరగు. పిల్లవాడు పొద్దున ‘కూళు’ తాగాడని అవ్వ చెబితే, అది సజ్జ అంబలి కావచ్చు, రాగి అంబలి కావచ్చు. శక్తి లెక్కలో రెండింటికీ పెద్ద తేడా రాదు. కాల్షియం లెక్క మాత్రం తలకిందులవుతుంది. దేశంలో చాలాకాలం వాడిన ఆహార విలువల పట్టిక ప్రకారం వంద గ్రాముల రాగుల్లో 344 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, సజ్జల్లో ఉన్నది 42 మాత్రమే. ఒక్క మాటను తప్పు గడిలో రాసుకుంటే ఎనిమిది రెట్ల పొరపాటు. ఏ తక్కెడా దీన్ని పట్టుకోలేదు.

మాటతో వచ్చే చిక్కు ఇంకొకటి మన భాషలోనే ఉంది. తెలుగింట్లో ‘తినడం’ అంటే అన్నం తినడమే. ‘మీవాడు ఇవాళ ఏం తిన్నాడమ్మా’ అని అడిగితే ‘ఏమీ తినలేదు’ అన్న జవాబు ఎంత సహజమో! పొద్దున తిన్న రెండు ఇడ్లీలు, పది గంటలకు నమిలిన మురుకు, చేతిలో పట్టుకు తిరిగిన కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయి ముక్క ఆ తల్లి దృష్టిలో తిండి కాదు. అందుకే అనుభవమున్న సర్వేయరు ‘ఏం తిన్నాడు’ అని మొదలుపెట్టదు. ‘నిద్ర లేవగానే నోట్లో ఏం పడింది’ అని అడిగి, పిల్లవాడి వెంట రోజంతా నడిచినట్టు ప్రశ్నలు వేస్తుంది.

గిన్నెలో ఉన్నదెంత, నీళ్ళెన్ని

పాతకాలపు ఇంటి కొలతలన్నీ గింజలకోసం పుట్టినవే. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. తమిళ దేశంలో ఎనిమిది ఆళాక్కులు ఒక పడి. పొడిగింజకు ఇవి చక్కగా పనికొస్తాయి. పొయ్యి ఎక్కాక నీళ్ళు కలుస్తాయి, కొలత చెదిరిపోతుంది.

యాభై గ్రాముల బియ్యం తీసుకోండి. అందులో సుమారు 175 కిలోక్యాలరీలుంటాయి. ముద్దగా వండితే దాదాపు 150 గ్రాముల అన్నమవుతుంది. అదే బియ్యాన్ని గంజిగా కాస్తే అర కిలో అవుతుంది. పసివాడి కడుపు ఒక పూటకు తన బరువులో కిలోకు 30 గ్రాముల చొప్పున పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పది కిలోల పిల్లవాడికి 300 గ్రాములు. ఆ కడుపు నిండా గంజి పోస్తే అందేది సుమారు 105 కిలోక్యాలరీలు. అందులో సగం బరువున్న మెత్తటి అన్నం పెడితే 175 అందుతాయి. తల్లి ‘గిన్నెడు తాగాడు’ అన్నది నిజమే, కడుపు నిండిందన్నదీ నిజమే, శక్తి చాలలేదన్నదీ నిజమే. తల్లిపాలు తాగుతున్న బిడ్డకు పైతిండి నుంచి 6–8 నెలల వయసులో రోజుకు 200, 9–11 నెలల్లో 300, రెండో ఏడాదిలో 550 కిలోక్యాలరీలు కావాలని అదే సంస్థ చెబుతుంది. కాబట్టి గిన్నె ఎంతటిదో తెలిస్తే చాలదు, అందులోని పదార్థం ఎంత చిక్కనో కూడా రాసుకోవాలి.

దీనికి ఎదురు ఉదాహరణ శ్రీవిల్లిపుత్తూరు నడివీధిలోనే దొరుకుతుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఇక్కడి పాలకోవా అంటే పాలు, చక్కెర కలిపి నీరు ఇగిరిపోయేదాకా కాచడమే. చెంచాడు కోవా పిల్లవాడి నోట్లో పెడితే, అదొక చిన్న గ్లాసు తియ్యటి పాలకు సమానం కావచ్చు. పెట్టింది తాతయ్య అయితే తల్లి లెక్కలోకి అది అసలు రాదు.

తక్కెడ పద్ధతి

అన్నిటికంటే నమ్మదగినదిగా పేరున్నది ప్రత్యక్షంగా తూచడం. సర్వేయరు తెల్లవారకముందే ఆ ఇంటికి చేరుకుంటుంది. వంటకు తీసిన ప్రతి ముడిసరుకునూ తూస్తుంది. వండాక గిన్నె మొత్తం తూస్తుంది. పిల్లవాడి కంచాన్ని తినకముందు, తిన్నాక తూస్తుంది. నేల మీద రాలినదీ, గౌనుకు అంటినదీ, ఉమ్మేసినదీ ఏరి తూస్తేనే లెక్క పూర్తయినట్టు. అమెరికాలో క్లారా డేవిస్ 1920ల చివర, 1930ల్లో చేసిన పని ఈ శ్రద్ధకు ఇప్పటికీ గీటురాయి. అప్పుడే పాలు మాన్పించిన 15 మంది పసివాళ్ళ ముందు 34 రకాల పదార్థాలు ఉంచి, ఎవరికి ఏది కావాలో వాళ్ళనే తీసుకోనిచ్చి, చింది పడిన దానితో సహా నెలల తరబడి తూచింది.

ఇంగ్లండులో ఎల్సీ విడోసన్ వెయ్యికి పైగా పిల్లల తిండిని ఒక్కొక్కరిది విడిగా కొలిచి 1947లో ప్రచురించింది. ఒకే వయసు, ఒకే లింగం పిల్లల్లో ఒకరు తినేది మరొకరికి రెట్టింపు ఉండవచ్చని ఆమె చూపింది. సగటు పిల్లవాడు అనేవాడు కాగితం మీదే ఉంటాడని దాని అర్థం. ఈ పరిశోధకురాలిదే ఇంకో పరిశీలన ఉంది. నేరుగా మన విషయం కాకపోయినా చెప్పకుండా ఉండలేం. యుద్ధం తరవాత జర్మనీలో రెండు అనాథ శరణాలయాల పిల్లలను గమనిస్తే, భోజనాల వేళ కసురుకునే పర్యవేక్షకురాలి దగ్గరున్న పిల్లలు అదనపు ఆహారం ఇచ్చినా సరిగా బరువు పెరగలేదు. కంచాన్ని మాత్రమే తూస్తే ఇది కనపడేది కాదు.

తూకం పద్ధతికి ఉన్న పెద్ద లోపం, తక్కెడ ఇంట్లోకి రాగానే ఇల్లు మారిపోవడం. అతిథి ముందు తల్లి పప్పు చిక్కగా వండుతుంది, గుడ్డు ఉడకబెడుతుంది. కొత్త మనిషిని చూసి పిల్లవాడు నోరు బిగిస్తాడు. మన ఇళ్ళలో ఇంకో సంగతీ ఉంది. పిల్లవాడికి వేరే కంచమే ఉండదు. తల్లి తన కంచంలో కలిపి, తానొక ముద్ద, వాడికొక ముద్ద పెడుతుంది. మధ్యలో అక్క పళ్ళెంలో చెయ్యి పెడతాడు. తూచడానికి వేరే కంచం ఇస్తే తినే తీరే మారిపోతుంది, ఇవ్వకపోతే తూకమే కుదరదు. కొందరు పరిశోధకులు తల్లి చేతి ముద్దలు లెక్కపెట్టి, మధ్యమధ్య ఒక ముద్దను తూచి సగటు తీస్తారు. మొరటు పద్ధతే, అయినా ఆ ఇంటి తీరును చెడగొట్టదు.

ఇంటి వాటా అనే వల

సర్వేలు చాలాకాలం ఇల్లు మొత్తం వండింది తూచి, దాన్ని మనుషుల మీద పంచాయి. భారతీయ వైద్య పరిశోధన మండలి లెక్కలో కూర్చుని పని చేసే పురుషుడు ఒక యూనిట్. మధ్యరకం శ్రమ చేసే పురుషుడు 1.2, స్త్రీ 0.9. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలు 0.5, ఒకటి నుంచి మూడేళ్ళ పిల్లలు 0.4. ఊహకు ఒక ఇంట్లో ఈ చివరి నలుగురే ఉన్నారనుకుందాం. మొత్తం మూడు యూనిట్లు. ఆ రోజు 900 గ్రాముల బియ్యం వండితే యూనిట్‌కు 300, చిన్నవాడి వాటా 120 గ్రాములు. కాగితం మీద వాడి తిండికి లోటు లేదు. ఆ రోజు వాడు జ్వరంతో రెండు ముద్దలు తిని పడుకున్నా ఈ లెక్క చెక్కుచెదరదు. ఇల్లు తిన్నదా అనే ప్రశ్నకు ఇది మంచి జవాబు. పిల్లవాడు తిన్నాడా అనే ప్రశ్నకు ఇది జవాబే కాదు.

జ్ఞాపకాన్ని కొలవడం

అందుకే ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది 24 గంటల ఆహార జ్ఞాపకం పద్ధతి. నిన్న ఈ వేళ నుంచి ఈ వేళ దాకా ఏం తిన్నాడో అడిగి రాసుకోవడం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సర్వేల్లో సర్వేయర్లు ప్రామాణిక గిన్నెల సెట్టు వెంట తీసుకువెళ్తారు. ఇంట్లో 600 గ్రాముల బియ్యం వండితే 1,800 మిల్లీలీటర్ల గిన్నెడు అన్నం అయిందనుకోండి. పిల్లవాడు 150 మిల్లీలీటర్ల గిన్నెడు తిన్నాడని తల్లి చూపిస్తే, వాడు తిన్నది 50 గ్రాముల బియ్యం. ఉడికిన అన్నాన్ని తిరిగి గింజగా మార్చే ఈ చిన్న లెక్క మీదే దేశపు పోషకాహార అంకెలు చాలావరకు నిలబడ్డాయి.

ఇందులోని బలహీనత చెప్పేవాళ్ళ దగ్గర ఉంది. కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి ప్రాంతాల్లో తల్లులు అగ్గిపెట్టెల, బాణసంచా పనులకు వెళ్తారు. పగలంతా పిల్లవాడు కొంతసేపు బాల్వాడిలో, కొంతసేపు అవ్వ దగ్గర, మిగతా సమయం వీధిలో. సాయంత్రం తల్లిని అడిగితే ఆమె చూసింది ఒక పూట మాత్రమే. మిగతాది ఆమె ఊహ. తక్కువ తిన్న పిల్లవాడి తిండి జ్ఞాపకంలో పెరుగుతుంది, ఎక్కువ తిన్నవాడిది తగ్గుతుంది, అందరూ మధ్యకు జరుగుతారు. ఆకలితో ఉన్న పిల్లవాడు లెక్కలో కనిపించకుండా పోయే దారి ఇదే.

రోజాలిండ్ గిబ్సన్, ఎలేన్ ఫెర్గసన్ 1999లో దీనికొక మందు సూచించారు. రెండు రోజుల ముందే తల్లికి గిన్నె, కంచం, బొమ్మల కాగితం ఇచ్చి వస్తారు. పిల్లవాడు తిన్న ప్రతి పదార్థం బొమ్మ దగ్గర ఆమె గీత పెడుతుంది. మరుసటి రోజు ఆమె చెప్పినదాన్ని ఆ గీతలతో సరిచూస్తారు. చదువు రాని ఇళ్ళలో కూడా ఇది పని చేస్తుంది. తెలుగు, తమిళం కలిసిన ఇళ్ళలో బొమ్మకు ఇంకో లాభం: సజ్జ కంకి బొమ్మకు అనువాదం అక్కర్లేదు.

ఒక్క రోజు లెక్కతో పిల్లవాడి మీద తీర్పు చెప్పకూడదు. 1991లో లీయన్ బర్చ్ బృందం రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలు 15 మందిని ఆరు రోజులు గమనించింది. ఒక్కో పూట తిండి సగటున 33.6 శాతం హెచ్చుతగ్గులు చూపితే, రోజు మొత్తం మీద ఆ మార్పు 10.4 శాతమే. పొద్దున తోసేసినవాడు రాత్రి పూడ్చుకుంటాడు. ‘మధ్యాహ్నం ముట్టలేదు’ అని కంగారుపడే అమ్మమ్మలకు ఇది ఊరట. ఒక పూట మాత్రమే చూసి పట్టిక నింపే సర్వేయరుకు హెచ్చరిక.

ఋతువు కూడా అంతే ముఖ్యం. ఆండాళ్ తండ్రి విష్ణుచిత్తుడు భాగవతులకు ఏ కాలంలో ఏమేం వడ్డించాడో ‘ఆముక్తమాల్యద’లో రాయలవారు ఋతువుల వారీగా వర్ణించారు. అయిదు శతాబ్దాల కిందట ఒక రాజకవికి తట్టిన ఈ విషయాన్ని ఒకే నెలలో ముగిసే సర్వేలు మరచిపోతుంటాయి. నల్లరేగడిలో ఐప్పసి (ఆశ్వయుజ), కార్తీక వానల తరవాతి ఆకుకూరల కాలమూ, ఎండలు ముదిరిన చైత్ర వైశాఖాలూ పిల్లవాడి కంచంలో ఒకటి కావు.

తల్లిపాలు, భారజలం

రొమ్ము తాగే బిడ్డ తిండిని కళ్ళతో కొలవలేం. ప్రతిసారీ పాలకు ముందు, తరవాత బిడ్డను అవే బట్టల్లో తూచడం పాత పద్ధతి. రాత్రి తల్లి నిద్రలోనే పాలిచ్చే ఇళ్ళలో ఇది దాదాపు అసాధ్యం. కొత్త పద్ధతిలో తల్లి 30 గ్రాముల భారజలం తాగుతుంది. అది ఆమె ఒంటి నీటిలో కలిసి పాల ద్వారా బిడ్డకు చేరుతుంది. రెండు వారాల పాటు ఇద్దరి లాలాజలం పరీక్షిస్తే, బిడ్డ తాగిన పాలు ఎన్నో, వేరే నీళ్ళు ఎన్నో కూడా బయటపడతాయి. ‘పాలు తప్ప ఏమీ ఇవ్వలేదు’ అన్న మాటను సరిచూసే సాధనం ఇది. ఉగ్గుగిన్నెతో పోసిన నాలుగు చుక్కల కషాయం దాని కంట పడకుండా పోవచ్చు కానీ, రోజూ పోసే నీళ్ళు మాత్రం తప్పించుకోవు.

కూనూరు నుంచి తార్నాక దాకా

దేశంలో ఈ కొలతలకు పుట్టిల్లు నీలగిరుల్లోని కూనూరు. రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో అక్కడ బెరిబెరి పరిశోధనకు ఒక చిన్న విభాగం పెట్టాడు. ఆయన తరవాత వచ్చిన అక్రాయిడ్ 1937లో భారతీయ ఆహారాల విలువల పట్టిక వెలువరించాడు. ఆ సంస్థ 1958లో హైదరాబాదు తార్నాకకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. సి. గోపాలన్, బి.వి. రామశాస్త్రి, ఎస్.సి. బాలసుబ్రమణియన్ 1971లో ఇచ్చిన పట్టికే తరాల పాటు సర్వేయర్లకు చేతిపుస్తకం. 2017లో వచ్చిన కొత్త పట్టికలో 528 ఆహారాలున్నాయి. 1972లో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సహా పలు రాష్ట్రాల పల్లెల్లో దశాబ్దాలు తిరిగి కొలిచింది.

పిల్లల తిండిని ఇంటి వాటాగా కాక విడిగా కొలవడం వల్ల విధానమే మారిన సందర్భం ఒకటుంది. 1960ల్లో ప్రపంచమంతా మాంసకృత్తుల కొరత గురించి మాట్లాడుతుంటే, గోపాలన్ బృందమూ, గణాంకవేత్త పి.వి. సుఖాత్మే వేరే మాట చెప్పారు: మన పిల్లలు ఇప్పుడు తింటున్న తిండినే కడుపునిండా తింటే మాంసకృత్తుల లోటు చాలావరకు దానంతట అదే తీరుతుంది. కొరత ముఖ్యంగా శక్తిది. ఖరీదైన ప్రొటీన్ బిస్కట్ల మీద మోజు తగ్గడానికి ఈ వాదం కారణమైంది.

ఇచ్చింది, తిన్నది

విరుదునగర్‌లో పుట్టిన కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉండగా 1956లో బడి పిల్లల మధ్యాహ్న భోజనం కోవిల్‌పట్టి పొరుగునున్న ఎట్టయపురంలో మొదలైంది. 1982లో ఎం.జి. రామచంద్రన్ దాన్ని బడికి వెళ్ళని చిన్నపిల్లలకూ చేర్చాడు. ఇక్కడ జనం నోట అది ‘సత్తుణవు’. ఇటువంటి పథకాల దస్తావేజుల్లో ఉండేది ఇచ్చిన ఆహారం. చాలాకాలం అమల్లో ఉన్న అంగన్‌వాడీ నియమం ప్రకారం ఆరేళ్ళలోపు పిల్లకు రోజుకు 500 కిలోక్యాలరీలు, 12–15 గ్రాముల మాంసకృత్తులు ఇవ్వాల్సి ఉండేది. తెలుగు రాష్ట్రాల్లో మూడేళ్ళలోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం పొట్లం, రోజుకు వంద గ్రాముల లెక్క. ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే ఆ పొట్లం ముగ్గురిది. ఒక్కోసారి సాయంత్రం టీతో పాటు పెద్దలది కూడా.

ఈ ఎడాన్ని ముందే పసిగట్టింది 1980లో మదురై జిల్లా కొట్టాంపట్టి బ్లాకులో మొదలైన తమిళనాడు సమగ్ర పోషకాహార పథకం. ఆరు నెలల నుంచి మూడేళ్ళ పిల్లలను నెలనెలా తూచి, బరువు పెరగనివాళ్ళకు మాత్రమే తొంభై రోజుల పాటు లడ్డు ఇచ్చేవారు. ఇంటికి ఇవ్వరు, కేంద్రంలోనే తినిపిస్తారు. ఇంటి భోజనానికి బదులు కాకుండా లడ్డును చిన్నదిగానే చేశారు. ఆహార పరిమాణాన్ని కాక దాని ఫలితాన్ని తూచే పద్ధతి ఇది. పిల్లవాడి తిండిని కొలవలేనప్పుడు పిల్లవాడినే కొలవడం.

నల్లగొండ జిల్లాలో అరవై పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఆరు వందల తల్లీబిడ్డల జంటలతో చేసి 2013లో ప్రచురించిన ప్రయోగం ఇంకో అడుగు వేసింది. ఏం పెట్టాలో చెప్పడమే కాక, బిడ్డ సైగలు గమనించి ఓపికగా ఎలా తినిపించాలో కూడా తల్లులకు నేర్పారు. పిల్లల ఆహారం మెరుగైంది. గోరుముద్దలు, చందమామ కథలు ఇన్నాళ్ళూ చేసిన పనిని అంకెల్లోకి తెచ్చిన ప్రయోగం అనవచ్చు.

సూచికలు, ఫోటోలు

పెద్ద సర్వేలు ఇప్పుడు గ్రాముల జోలికి పోవడం లేదు. 6–23 నెలల బిడ్డ నిన్న ఎనిమిది ఆహార వర్గాల్లో ఎన్ని రుచి చూసిందని అడుగుతాయి. తల్లిపాలతో కలిపి అయిదు ఉంటే వైవిధ్యం చాలినట్టు. సరిపడా ఆహారం అందుతున్న పిల్లలు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015–16లో 9.6 శాతం, 2019–21లో 11.3 శాతం. ఆ రెంటి మధ్య, 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 6.4 శాతం. దేశం మధ్యలో పడి లేచిందనుకోవడం కంటే, అడిగిన తీరు మారితే అంకె మారుతుందనుకోవడమే సబబు. పైతేట సాంబారు రెండు చెంచాలు అన్నంలో కలిపితే పప్పు వర్గం వచ్చినట్టా, రానట్టా? ఒక సర్వేయరు గీత పెడుతుంది, మరొకరు పెట్టరు.

తినకముందు, తిన్నాక సెల్‌ఫోనుతో ఫోటో తీసి, పరిమాణాన్ని అంచనా కట్టే పద్ధతులు వస్తున్నాయి. వేరువేరుగా పేర్చిన కంచాల్లో అవి బాగానే పనిచేస్తాయి. మన పిల్లల అన్నం కలిపి, పిసికి, నెయ్యి వేసి, ముద్ద చేసినది. అందులో పప్పు ఎంతో, కూర ఎంతో కెమెరా చెప్పలేదు. అది కలిపిన చేతికే తెలుసు. అందుకని ఫోటో తీసిన సర్వేయరు కూడా చివరికి ఆ అవ్వ పక్కన చాప మీద కూర్చుని, ‘పప్పు ఎన్ని గరిటెలు పోశారవ్వా?’ అని అడుగుతోంది.